మా పాల స్ప్లెండర్‌కి కొన్న మూడు పనిముట్లు

నాది 2003 స్ప్లెండర్, ఏపీ 7 నంబరు బండి. దుగ్గిరాల దగ్గర మా ఊళ్లో తెల్లవారుజామున నాలుగింటికల్లా పాలు పోగుచేసుకుని, ఆరున్నర లోపు తెనాలిలో వాడిక ఇళ్లన్నిటికీ పోసి రావాలి. వెనక రెండు పక్కలా 20 లీటర్ల క్యాన్లు చెరొకటి. ఆ వేళకి ఏ మెకానిక్ షెడ్డూ తెరిచి ఉండదు. ఎండాకాలంలో దారిలో ఆగిపోతే పాలు విరుగుతాయి. రెండు రోజులు ఆలస్యమైతే వాడిక పోతుంది. అందుకని బండి పని నా చేత్తో నేనే చేసుకోవడం అలవాటు చేసుకున్నాను. అందుకోసం కొన్నవాటిలో మూడింటి గురించి రాస్తున్నాను: టపారియా రింగు పానాల సెట్టు, బిగుసుకున్న స్క్రూలు విప్పడానికి సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరు, సన్నని సందులు కొలిచే రేకుల ఫిల్లర్ గేజి. మూడూ ఏడాదిన్నర నుంచి వాడుతున్నాను. పాత బండి ఉండి, ఆదివారం పూట ఇంటి వాకిట్లో దాని ముందు కూర్చునే ఓపిక ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

ముందు చేదు సంగతి చెప్పాలి. వీటికన్నా ముందు ఆన్‌లైన్‌లో ఒక పెద్ద టూల్ కిట్టు తెప్పించాను. ప్లాస్టిక్ పెట్టె నిండా మెరిసే సాకెట్లు, ఒక్కోదానికి ఒక్కో గూడు. మొదటిసారి ఆయిలు మార్చబోయాను. పాత ఆయిలు దించే డ్రెయిన్ బోల్టుకి 17 మిల్లీమీటర్ల సాకెట్టు వేసి బలంగా తిప్పితే చేతికి మెత్తగా తగిలింది. బోల్టు వదిలిందనుకున్నాను. తీసి చూస్తే సాకెట్టు లోపలి మూలలు అరిగి ఉన్నాయి, బోల్టు తల సగం గుండ్రమైంది. మా మెకానిక్ సాయిబు గారి షెడ్డుకి తోసుకెళ్లాను. ఆయన పైపు పానాతో పట్టి తీసి, కొత్త బోల్టు, కొత్త వాషరు వేసి, "బోల్టుకి మూలలు ఆరు తమ్ముడూ. ఆరూ పట్టుకునే పానా రెండే కొను, చాలు" అన్నారు. డబ్బులు బోల్టుకే తీసుకున్నారు, పనికి తీసుకోలేదు.

అలా విజయవాడ ఆటోనగర్ వెళ్లి టపారియా రింగు పానాలు కొన్నాను. ఒక్కో పానాకి రెండు చివరలా రెండు సైజులు, 6×7 నుంచి 20×22 మిల్లీమీటర్ల దాకా ఎనిమిది పానాల సెట్టు. వెయ్యికి కొంచెం తక్కువే పడింది. షాపులో కుర్రాడు "బాబాయ్, ఇది ఒకసారి కొంటే మీ మనవడు వాడతాడు" అన్నాడు. అమ్ముకునేవాడి మాట అనుకున్నాను గానీ, ఏడాదిన్నరలో ఒక్క పానా నోరు కూడా అరగలేదు. పాలు పోసేవాడి చేయి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అయినా తుప్పు మచ్చ లేదు. రింగు చివర కొంచెం పైకి వంచి ఉంటుంది కాబట్టి లోపలికి ఉన్న బోల్టు తిప్పేటప్పుడు వేళ్ల కణుపులు ఇంజిను రెక్కలకి కొట్టుకోవు. మా బండికి రోజూ పడే సైజులు 8, 10, 12, 14, 17. మిగతావి ఎప్పుడో గానీ బయటికి రావు.

ఒక్క లోటు ఉంది, అది కంపెనీ లోటు కాదు, రింగు పానా అంటేనే అంత. క్లచ్ కేబులు అడ్జస్టరు లాంటి చోట నట్టు మధ్యలోంచి కేబులు పోతుంది. అక్కడ రింగు తొడగడానికి దారి ఉండదు. దానికి నోరు తెరిచి ఉండే ఫిక్స్ పానాలు 10×11, 12×13 విడిగా తీసుకోండి. సెట్టు మొత్తం అక్కర్లేదు.

ఇక ఫిల్లర్ గేజి. 150 రూపాయల వస్తువు. ఇది లేకపోతే నాకు నాలుగున్నర వేలు పోయేవి.

పోయిన ఏడాది సంక్రాంతి దాటాక బండికి ఒక జబ్బు పట్టుకుంది. తెల్లారుజామున ఇంటి దగ్గర చల్లటి ఇంజిను రెండు కిక్కుల్లో లేచేది. తెనాలి వెళ్లి మొదటి ఇంట్లో పాలు పోసి వచ్చి కొడితే లేచేది కాదు. పది కిక్కులు, పదిహేను కిక్కులు. ఇరవై తొమ్మిది ఇళ్లు, ప్రతి ఇంటి దగ్గరా ఇదే. ఇంజిను ఆపకుండా ఉంచి లోపలికి వెళ్తే పొగ వస్తోందని అపార్టుమెంట్ల వాళ్లు కేకలేసేవారు. ప్లగ్గు మార్చాను. కార్బురేటర్ విప్పి కడిగాను. పెట్రోలు వేరే బంకులో పోయించాను. మార్పు లేదు. పైగా కిక్కు రాడ్డు తొక్కితే తేలిగ్గా దిగిపోతోంది, ఖాళీ సైకిలు పంపు కొట్టినట్టు. ఊరి బయట కొత్తగా పెట్టిన ఒక షెడ్డులో చూపిస్తే, కిక్కు ఒక్కసారి తొక్కి, "కంప్రెషన్ పోయింది, బోరు పని" అన్నారు. అంటే సిలిండర్లో గాలి నొక్కుడు నిలవట్లేదు, సిలిండరు లోపల సాపు చేయించాలని. దానికి నాలుగున్నర వేలు చెప్పారు. బండి రెండు రోజులు అక్కడే ఉండాలట. హెడ్డు విప్పలేదు, గేజి పెట్టలేదు, వాల్వుల మీదుండే ట్యాపెట్ క్యాపు కూడా తీసి చూడలేదు. రెండు రోజులు బండి లేకుండా పాలెలా పోయాలి నేను?

సాయిబు గారు ఆ వారం ఊళ్లో లేరు. ఫోను చేస్తే "ట్యాపెట్లు చూశావా?" అని అడిగారు. ట్యాపెట్ సౌండేమీ రావట్లేదు, ఇంజిను మెత్తగా ఆడుతోంది అన్నాను. "అదే అనుమానం. సౌండు వచ్చేవాడు లూజు, పర్లేదు. సౌండు రానివాడితోనే భయం" అన్నారు.

నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు, గేజి పెట్టాక అర్థమైంది. ట్యాపెట్లు చూడడమంటే ఒక సందు చూడడమే. సిలిండరు దారి తెరిచి మూసే వాల్వుకీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు ఈ ఇంజిన్‌కి 0.05 మిల్లీమీటర్లు ఉండాలి, రెండు వాల్వులకీ అంతే. సందు ఎక్కువైతే టకటకమని సౌండు వస్తుంది, మనం వెంటనే పట్టించుకుంటాం. కానీ పాత ఇంజిన్లో వాల్వు కూర్చునే సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి జరుగుతూ వస్తుంది, సందు తగ్గిపోతుంది. సౌండు రాదు. ఇంజిను వేడెక్కి వాల్వు కాడ సాగిందంటే ఇక పూర్తిగా మూసుకోదు. వాల్వు మూయని ఆ దారిలోంచే కంప్రెషన్ జారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు లేచే బండి వేడి మీద లేవకపోవడం అందుకే. అలాగే నడిపిస్తే పొగగొట్టం వైపు వాల్వు కాలిపోతుంది కూడా.

పొద్దున పాలు పోసి వచ్చి బండి వాకిట్లో సెంటర్ స్టాండు వేసి, పూర్తిగా చల్లారాక మధ్యాహ్నం పని పెట్టుకున్నాను. ప్లగ్గు తీసేశాను. మ్యాగ్నెట్ వైపు కవరుకున్న క్యాపు తీసి, బండిని నాలుగో గేరులో పెట్టి, వెనక చక్రం ముందుకి మెల్లగా తిప్పుతూ పోతే లోపల మ్యాగ్నెట్ మీద "టీ" అక్షరం వస్తుంది. ఆ అక్షరం పక్కనున్న గీత కేసు మీది గుర్తుకి ఎదురుగా నిలవాలి. హెడ్డుకి పైనా కిందా ఉన్న రెండు ట్యాపెట్ క్యాపులు 17 పానాతో తీసి, రాకర్లు రెండూ వేలితో కదిపి చూడాలి. రెండూ కొంచెం ఆడితే సరైన చోటున్నట్టు. ఆడకపోతే మ్యాగ్నెట్ ఇంకో చుట్టు తిరిగేలా తిప్పాలి. నాకు ఇంకో చుట్టు తిప్పాక కూడా ఇన్‌లెట్‌ది ఆడింది గానీ, కింద పొగగొట్టం వైపుది కదల్లేదు. గేజిలో 0.05 రేకు పెట్టబోయాను. దూరలేదు. నూనె రాసి మళ్లీ పెట్టాను. అంచు వంగింది తప్ప లోపలికి పోలేదు. సందు సున్నా.

9 పానాతో లాక్ నట్టు వదులు చేసి, పైనున్న చిన్న చదరపు మరని కొద్దిగా వెనక్కి తిప్పి రేకు పెట్టాను. రేకు లాగుతుంటే పట్టుకుని వదిలినట్టు ఉండాలి. పుస్తకం బరువు కింద ఉన్న కాగితాన్ని లాగినట్టన్న మాట. లాక్ నట్టు బిగించాక మళ్లీ చూస్తే బిగుసుకుపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, నట్టు బిగించేటప్పుడు మర దాంతోపాటు కొంచెం తిరుగుతుంది. మర ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, మూడోసారి బిగిస్తే కుదిరింది. అన్నీ బిగించి కిక్కు మీద కాలు పెట్టాను. కాలు సగంలో ఆగింది! బరువు తిరిగొచ్చింది. మర్నాడు ఇరవై తొమ్మిది ఇళ్ల దగ్గరా రెండు కిక్కులు దాటలేదు.

గేజిలో లోపం ఒక్కటే, మనకి కావల్సిన 0.05 రేకే అన్నిటికన్నా పలచన. సిగరెట్ కాగితంలా ఉంటుంది. తోస్తే ముడత పడుతుంది, ముడత పడ్డ రేకుతో కొలిస్తే సందు తప్పు చూపిస్తుంది. నేను మొదటి గేజి అలాగే పాడుచేసి రెండోది కొన్నాను. తోయకుండా, నూనె రాసి, పక్క నుంచి జారనివ్వండి. పని అయ్యాక తుడిచి మళ్లీ నూనె రాసి దాచుకోండి. ప్లగ్గు సందు చూసుకోవడానికీ ఇదే గేజి పనికొస్తుంది, 0.6, 0.7 రేకులు అందులోనే ఉంటాయి.

ఇంపాక్ట్ డ్రైవరు దగ్గరికి వస్తాను. జానెడు పొడుగు ఇనుప కడ్డీ. చివర బిట్టు పెట్టి, స్క్రూ గాడిలో ఆనించి, వెనక సుత్తితో కొట్టాలి. లోపల ఏటవాలు గాడి ఒకటి ఉంటుంది, దెబ్బ పడగానే బిట్టు ఒకేసారి స్క్రూలోకి నొక్కుకుంటుంది, పక్కకీ తిరుగుతుంది. మామూలు స్క్రూడ్రైవరుతో వచ్చే బాధంతా ఇక్కడే. తిప్పే బలం పెంచితే అది గాడిలోంచి పైకి లేచిపోతుంది, గాడి అంచులు తినేస్తుంది. ఇంపాక్టులో ఎంత గట్టిగా కొడితే అంత లోతుగా దిగి తిరుగుతుంది.

కుడి వైపు ఇంజిను కవరు గ్యాస్కెట్ దగ్గర ఆయిలు చెమరుస్తుంటే, గ్యాస్కెట్ మార్చుకుందామని కిక్కు రాడ్డు ఊడదీసి, చుట్టూ ఉన్న 8 సైజు బోల్టులు తీసి కవరు విప్పాను. లోపల క్రాంకు ఇరుసు చివర గుండ్రటి గిన్నెలాంటిది ఉంది, దానికి మూత, మూతకి మూడు ప్లస్ స్క్రూలు. ఈ బండికి కాగితం ఆయిల్ ఫిల్టరు లేదు. ఫిల్టరు పని చేసేది ఒక జల్లెడా, ఈ గిన్నే. ఇది పనిచేసే పద్ధతి నాకు వెంటనే పట్టుబడింది, మీగడ తీసే సెపరేటరు ఇలాగే కదా పనిచేసేది! అందులో గిన్నె గిర్రున తిరిగితే బరువైన పాలు అంచుకి పోతాయి, తేలికైన మీగడ మధ్యలో మిగులుతుంది. ఇక్కడ ఆయిల్లో ఉన్న లోహపు పొడి, మడ్డి అంచుకి కొట్టుకుని అతుక్కుంటాయి, తేట ఆయిలు మధ్యలోంచి బయటికి పోతుంది. సెపరేటరు గిన్నె మనం రోజూ కడుగుతాం. ఈ గిన్నె నాకు తెలిసి ఇరవై ఏళ్లలో ఎవరూ కడగలేదు.

స్క్రూడ్రైవరు పెట్టి ఒకటి తిప్పాను, జారింది. ఇంకా బలం పెడితే గాడి పోతుందని ఆగిపోయాను. కవరు అలా విప్పి ఉండగానే మా అబ్బాయి బండి మీద తెనాలి వెళ్లి ఇంపాక్టు కొనుక్కొచ్చాను, 450 రూపాయలు. బిట్టు గాడిలో కూర్చోబెట్టి, ఎడమ చేత్తో డ్రైవరుని విప్పే వైపుకి బిగబట్టి, కిలో సుత్తితో ఒక్క దెబ్బ. ఠక్‌మంది. స్క్రూ తల మీద నేను సుద్దతో గీసిన గీత ఒక్క నూలు పక్కకి జరిగింది. అంతే, ఇక వేళ్లతో తిరిగింది. రెండోదీ అంతే. మూడోది నేను ముందు పాడుచేసింది, దానికి నాలుగు దెబ్బలు పట్టాయి. మూత తీస్తే లోపలి అంచు చుట్టూ వేలి మందాన కాటుకలాంటి ముద్ద. చెంచాతో గీకితే బొమ్మ చేసే మట్టిలా చుట్టుకుంటూ వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే వెండి రంగు మెరుపు కనిపించింది, అదంతా ఇంజిను అరుగుదలే. కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్యాస్కెట్లు వేసి మూశాను. 900 మిల్లీలీటర్ల ఆయిలు పోశాను. అప్పటి నుంచి ఆయిలు తొందరగా నల్లబడట్లేదు. అంతకుముందు వెయ్యి కిలోమీటర్లకే నల్లగా అయ్యేది.

డ్రైవరు సంగతి బాగుంది గానీ, దాంతో వచ్చిన బిట్లు బాగాలేవు. పేరూ ఊరూ లేని సరుకు. నాలుగిచ్చారు, ఆ మూడో స్క్రూకే ఒక ప్లస్ బిట్టు రెక్కలు మెలిపడ్డాయి. తర్వాత విడిగా గట్టి బిట్లు కొన్నాను, జతకి 180. అవి ఇంతవరకు బాగున్నాయి. బిట్టు కొనేటప్పుడు మీ బండి స్క్రూ ఒకటి జేబులో వేసుకెళ్లండి. ప్లస్ గాళ్లన్నీ ఒకటి కావు. జపాను కొలతల స్క్రూల్లో గాడి వేరు, కొన్నిటి తల మీద చిన్న చుక్క గుంట కూడా ఉంటుంది. మన బజార్లో దొరికే మామూలు ప్లస్ బిట్టు వాటిలో అడుగుదాకా దిగదు. బిట్టుని స్క్రూలో పెట్టి తలకిందులు చేస్తే స్క్రూ పడిపోకుండా నిలబడాలి. నిలబడితే తీసుకోండి, ఊగితే వద్దు.

రెండు జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. మొదటిది, కొట్టే ముందు డ్రైవరు విప్పే వైపు తిరిగేలా పెట్టి ఉందో లేదో ఒక వదులు బోల్టు మీద చూసుకోండి. బిగించే వైపు ఉండి కొడితే స్క్రూ ఇంకా కూరుకుపోతుంది. కంటికి అద్దాలు తప్పనిసరి, ఇనుము మీద ఇనుము కొట్టేటప్పుడు రవ్వ లేస్తుంది. రెండోది, కార్బురేటర్ మీద దీన్ని అస్సలు వాడొద్దు. ఆ లోహం పెళుసు, ఒక్క దెబ్బకి చెవి విరిగిపోతుంది. కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె ఉంటుంది, దాని కింది స్క్రూలకి సరిపోయే స్క్రూడ్రైవరు పెట్టి, పిడి మీద మెల్లగా తట్టి, చేత్తోనే తిప్పాలి. కార్బురేటర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో రెండు మూడు వారాలు కదపని పాత బండి ఉంటే గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ వదిలి ఆ పాత పెట్రోలు తీసేయండి, రబ్బరు పైపు పగుళ్లు కూడా చూడండి. నాది రోజూ తిరిగే బండి కాబట్టి నాకు ఆ బాధ లేదు, పైపు మాత్రం మార్చాను.

విప్పడానికే ఇంపాక్టు. బిగించేది చేత్తోనే. ఇంజిను కేసు అల్యూమినియం, మర పోతే లేతు పని అవుతుంది.

ఇంకోసారి కొనాల్సి వస్తే ఏది ముందు కొంటానంటే, గేజి, తర్వాత 8×9, 16×17 రింగు పానాలు. ట్యాపెట్ పనిలో ఎక్కువ భాగం ఆ మూడింటితో అయిపోతుంది, సెట్టు కొనే డబ్బులు లేకపోతే ఈ రెండు పానాలు విడిగా కూడా ఇస్తారు. ఇంపాక్టు మాత్రం ఊళ్లో ఒకరి దగ్గర ఉంటే నలుగురూ వాడుకోవచ్చు, ఏడాదికి రెండుసార్లు పని పడే వస్తువు.

నా ఇంపాక్టు ప్రస్తుతం మా బావమరిది దగ్గర ఉంది. వాడికి 1994 ఆర్ఎక్స్ 100 ఉంది, ఇంజిను కవర్ల చుట్టూ ప్లస్ స్క్రూలే. ఎడమ కవరుకి కింది రెండు తప్ప అన్నీ వచ్చాయి, ఆ రెంటిలో ఒకదానికి గాడి ఎవరో ముందే పాడుచేశారు. వాటికి తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచమన్నాను. ఆదివారం పాలు పోసి వచ్చాక ఇద్దరం కూర్చుని చూడాలి.